పండక్కి మన చేతి కానుక



డిసెంబరు వచ్చేసింది. చర్చి ఉన్న ప్రతి పేటలోనూ ఇళ్ల ముందు కాగితం నక్షత్రాలు వెలుగుతున్నాయి. నెల నడిమికి ధనుర్మాసం పడుతుంది, వాకిళ్లలో ముగ్గులు పెద్దవవుతాయి. క్రిస్మస్ అయిన మూడు వారాలకే భోగి, సంక్రాంతి, కనుమ. ఈ నెలన్నరలో పెట్టుపోతలు తప్పవు. పుట్టింటికొచ్చే ఆడపిల్ల, మేనల్లుడు, మేనకోడలు, పక్కింటివాళ్లు, పిల్లలకు ట్యూషన్ చెప్పే టీచరు, మన ఇంట్లో అంట్లు తోమే మనిషి, అందరూ కళ్లముందు మెదులుతారు. జీతం మాత్రం ఎప్పుడూ వచ్చేదే వస్తుంది. కొత్త అల్లుడికి పెట్టే బట్టల లెక్క వేరు, దాని జోలికి నేను పోవడం లేదు. మిగిలినవాళ్లకు తక్కువ ఖర్చులో, మన చేత్తో ఏం చేసి ఇవ్వగలమో, ఎలా చేస్తే బాగుంటుందో ఈ పూట చెప్పుకుందాం.

దుకాణంలో కొన్న కానుక చాలా ఇళ్లలో చేతులు మారుతూనే ఉంటుంది. గృహప్రవేశానికి వచ్చిన గోడ గడియారం ఎవరి పెళ్లికో వెళుతుంది. పెళ్లికి వచ్చిన గాజు గ్లాసుల సెట్టు ఇంకొకరి గృహప్రవేశానికి వెళుతుంది. అట్టపెట్టె విప్పకుండానే అది ఊళ్లు తిరుగుతుంది. ఆ వస్తువులో లోపమేమీ లేదు. కొనేటప్పుడు మనం ధరను తలుచుకున్నాం గానీ మనిషిని తలుచుకోలేదు. చేత్తో చేసేదానికి ఆ వీలుండదు. ఎవరికోసమో తేలకుండా సూదిలో దారం ఎక్కించలేం. అందుకే డబ్బు తగ్గించుకున్నచోట రెండు పనులు మన మీద పడతాయి. ఆ మనిషికి రోజు ఎలా గడుస్తోందో గమనించాలి. పండగ ముందురోజు కాకుండా ఇప్పుడే మొదలుపెట్టాలి. ఈ రెండూ కుదిరితే మిగతాదంతా నేర్చుకుంటే వచ్చేదే.

ఒక కాగితం తీసుకుని పేర్లు రాసుకోండి. పేరు పక్కన ఏం ఇవ్వాలో అప్పుడే రాయొద్దు. ఆ మనిషికి దేంతో ఇబ్బందిగా ఉందో, దేనికి సంతోషిస్తారో రాయండి. పక్కింటి మామ్మగారికి తెల్లవారుజామున చలికి మోకాళ్లు పట్టేస్తాయి. ఆడపడుచు కొడుకు హాస్టల్లో చప్పిడి పప్పు తినలేక పస్తులుంటున్నాడు. చెల్లెలికి ఏడో నెల. అంట్లు తోమే ఆమె సాయంత్రం ఇంటికి వెళుతూ కూరలు కొనుక్కుంటుంది, పల్చటి ప్లాస్టిక్ కవరు చేతికి కోసుకుపోతూ ఉంటుంది. ఇలా రాసుకున్నాక ఇంక ఆలోచించే పనే లేదు. మామ్మగారికి బొంత, కుర్రాడికి పొడులు, పుట్టబోయే పాపకు మెత్తటి పొత్తిగుడ్డలు, అంట్లు తోమే ఆమెకు బరువు ఆపే గుడ్డసంచి.

చేత్తో చేసింది ఇస్తే తక్కువ చూపు చూస్తారేమోనన్న సంకోచం మనలో చాలామందికి ఉంటుంది. అలాంటివాళ్లకు ఒక పెళ్లి సంగతి చెబుతాను. 1947 నవంబరు 20న ఇంగ్లండు యువరాణి ఎలిజబెత్ పెళ్లి జరిగింది. పెళ్లికొడుకు ఫిలిప్ మన ఆఖరి వైస్రాయి మౌంట్‌బాటెన్‌కు మేనల్లుడు. మన హైదరాబాదు నిజాం ఆ పెళ్లికూతురికి లండన్‌లోని కార్టియే నగల దుకాణం నుంచి వజ్రాల హారం, వజ్రాల కిరీటం కానుకగా ఇచ్చాడు. గాంధీగారి దగ్గర ఏముంది? ఇవ్వడానికి తన దగ్గర ఏమీ లేదని ఆయన మౌంట్‌బాటెన్‌తో అన్నారు. రాట్నం ఉంది కదా, నూలు వడికి ఇవ్వండి అని మౌంట్‌బాటెన్ సలహా ఇచ్చాడు. గాంధీగారు స్వయంగా వడికిన నూలుతో ఒక చిన్న లేసు గుడ్డ అల్లించారు, మధ్యలో జై హింద్ అన్న అక్షరాలు వచ్చేలాగా. మౌంట్‌బాటెన్ దాన్ని లండన్ తీసుకెళ్లాడు. నిజాం ఇచ్చిన కిరీటాన్ని 1973లో విడదీయించి ఆ వజ్రాలతో ఇంకో నగ చేయించారు. గాంధీగారి నూలు గుడ్డను అలాగే దాచారు. 2018లో మన ప్రధాని లండన్ వెళ్లినప్పుడు, అప్పటికి రాణి అయిన ఎలిజబెత్ దాన్ని తీసి చూపించారు. నూలుపోగులకు డబ్బు లెక్కలో ఏ విలువా లేదు. ఇచ్చిన మనిషి రోజూ చేసే పని అందులో ఉంది, అందుకే అది డెబ్భై ఏళ్లు నిలిచింది.

ఇప్పుడు బొంత సంగతి. దీన్నే ముందు చెబుతున్నాను, ఎందుకంటే అన్నిటికన్నా ఎక్కువ రోజులు పట్టేది ఇదే.

ప్రతి ఇంట్లోనూ బీరువా కింది అరలో పాత నూలు చీరలు ఉంటాయి. అంచు చిరిగిందనో, రంగు వెలిసిందనో కట్టడం మానేసినవి. నూలు చీర ఎన్నిసార్లు ఉతికితే అంత మెత్తబడుతుంది, కొత్త గుడ్డకు ఆ మెత్తదనం రాదు. పసిపిల్లలకు పాత చీరే పరచాలని మన పెద్దవాళ్లు అనేది అందుకే. అయితే ఆ చీర అచ్చమైన నూలుదో కాదో చూసుకోవాలి. ఈ రోజుల్లో నూలులా కనిపించే పాలిస్టరు కలిపిన చీరలు ఎన్నో వస్తున్నాయి. చీర చివర నుంచి రెండు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని దీపానికి చూపించండి. నూలైతే కాగితం కాలిన వాసన వస్తుంది, బూడిద వేలితో నలిపితే పొడి అయిపోతుంది. పాలిస్టరు కలిస్తే ముడుచుకుని గట్టి పూసలా తయారవుతుంది, ప్లాస్టిక్ కాలిన వాసన కొడుతుంది. అలాంటిది చంటిపిల్లల కిందికీ వద్దు, వేడి గిన్నెలు పట్టుకునే మసిగుడ్డలకీ వద్దు.

పసిపాప బొంతకు ఒక్క చీర చాలు. చీర పొడవు ఐదున్నర మీటర్లు, పన్నా మీటరు పైన కొంచెం ఉంటుంది. పొడవును ఐదు సమాన ముక్కలు చేస్తే ఒక్కొక్కటి ఇంచుమించు నలుచదరంగా వస్తుంది. నాలుగు ముక్కలు ఒకదానిమీద ఒకటి వేస్తే బొంత. ఐదో ముక్కను దాచుకోండి, ఆ బొంతను పెట్టి ఇవ్వడానికి దానితోనే ఒక సంచి కుట్టవచ్చు. కత్తిరించే ముందు చీరను వేడినీళ్లలో ఉతికి, గంజి పూర్తిగా పోయాక, మంచి ఎండలో ఆరవేయాలి. చిరుగులున్న ముక్కను లోపలి పొరగా వేసుకుంటే బయటికి కనిపించదు. ముక్కలు నేల మీద పరిచి, ముడతల్లేకుండా అరచేత్తో సవరించి, నడిమి నుంచి అంచుల వైపు పెద్ద పెద్ద టాకాలు వేసుకోవాలి. అంచు నుంచి మొదలుపెడితే గుడ్డంతా నడిమికి జరిగి బుడిపెలు వస్తాయి. టాకాలు వేశాక, రెండు వేళ్ల ఎడంతో వరసలు పెట్టుకుంటూ, సూది పైకీ కిందికీ పోయే మామూలు కుట్టే వేయండి. దారం బిగించి లాగొద్దు. లాగితే బొంత కుంచించుకుపోతుంది, ఒకటి రెండు ఉతుకులకే తెగుతుంది. చుట్టూ అంచు కట్టడానికి మరో చీర జరీ లేని అంచు పనికొస్తుంది. రోజుకు ఒక గంట కూర్చుంటే చిన్న బొంత సంక్రాంతికి హాయిగా పూర్తవుతుంది.

పెద్దవాళ్ల బొంతకు రెండు చీరలు కావాలి. ఒక్కోదాన్ని పొడవులో సగానికి మడిచి, ఒకదానిమీద ఒకటి పరిస్తే నాలుగు పొరలు, కాళ్లు చాపుకుని కప్పుకునేంత పొడవు వస్తుంది. ఇది ఒక్కరి పని కాదు. నలుగురు నాలుగు వైపులా కూర్చుంటే వారంలో అయిపోతుంది. బెంగాల్లో ఇదే పనిని కాంతా అంటారు, బొమ్మలు పువ్వులు కుట్టి పెద్ద కళగా పెంచారు. కర్ణాటక అడవి ప్రాంతాల్లో సిద్దీ తెగ ఆడవాళ్లు రంగురంగుల పాత గుడ్డముక్కలు అతికి కవండి అనే బొంతలు కుడతారు, ఇప్పుడు వాటిని ప్రదర్శనల్లో పెడుతున్నారు. మన బొంత మాత్రం ఇంకా మంచం కిందే ఉండిపోయింది. దాన్ని పైకి తేవాల్సింది మనమే.

ఒక తల్లి పోయాక ఆమె చీరలు ఏం చేయాలో తెలియక పిల్లలు బాధపడుతుంటారు. పంచేయడానికి చేతులు రావు, పెట్టెలో ఉంచితే చెదలు పడతాయి. ఆ చీరలతో ఎంతమంది పిల్లలుంటే అన్ని బొంతలు కుట్టి, సంక్రాంతికి అందరూ కలిసినప్పుడు ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి ఇవ్వండి. ప్రతి బొంతలోనూ అన్ని చీరల ముక్కలూ కొంచెం కొంచెం వచ్చేలా చూడండి. ఏ చీర ఏ పండక్కి కట్టిందో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు వెతుక్కుంటారు. ఇంతకన్నా మంచి కానుక నాకు తెలిసి లేదు.

సంచుల గురించి, మసిగుడ్డల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. సంచికి పాత ప్యాంటు గుడ్డ గట్టిగా ఉంటుంది. కాడలను సంచి నోటి దగ్గర మాత్రమే కుట్టి వదిలేస్తే బరువుకు ఊడిపోతాయి, అడుగు దాకా దించి కుట్టండి. మసిగుడ్డకు పాత తువ్వాలు నాలుగు మడతలు, పైన కింద నూలు గుడ్డ. అంతే.

వంటింటి కానుకల దగ్గరికి వద్దాం. క్రిస్మస్‌కు మన కోస్తా జిల్లాల్లో కేకుతో పాటు అరిసెలు, గులాబీ పువ్వులు, కజ్జికాయలు పళ్లెంలో పెట్టి వీధిలో అందరి ఇళ్లకూ పంపుతారు. సంక్రాంతికి ఆ పళ్లెం అవతలి ఇంటి నుంచి తిరిగి వస్తుంది. ఇది చాలా మంచి ఆచారం, ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. కానీ నూనె, బెల్లం, నెయ్యి కలిపి చూస్తే పిండివంట చవకేమీ కాదు. తినేవాళ్లలో చక్కెర జబ్బు ఉన్నవాళ్లు ఎక్కువయ్యారు కూడా. వాళ్లకు అరిసెలు ఇవ్వడమంటే కళ్లముందు పెట్టి తినొద్దనడమే. అలాంటి ఇళ్లకు నేను పొడులు చేసి ఇమ్మంటాను.

కరివేపాకు పొడి, కంది పొడి, నువ్వుల పొడి, మునగాకు పొడి. హాస్టల్లో ఉండే పిల్లలకు ఇవి ప్రాణం నిలిపేవి. వీటిలో దేన్ని ఎన్నాళ్లుంచుకోవచ్చో చెప్పి ఇవ్వడం మన బాధ్యత. నువ్వుల్లో నూనె ఎక్కువ, అందుకని నువ్వుల పొడి త్వరగా మక్కిన వాసన వస్తుంది, కొద్దిగా చేసి ఇవ్వాలి. కరివేపాకును కడిగాక నీడలో పూర్తిగా ఆరనిచ్చి, ఆకు చేత్తో నలిపితే గలగలమనేదాకా సన్న సెగమీద వేయించాలి. తడి మిగిలితే బూజు పడుతుంది. ఖాళీ హార్లిక్స్ సీసాలుంటే వాటిని వేడినీళ్లతో కడిగి, మూతతో సహా ఎండబెట్టి వాడుకోండి. పాత వాసన మూత లోపలి అట్టలో దాక్కుంటుంది, ఆ అట్ట తీసి పారేయండి. రక్తపోటు ఉన్నవాళ్ల కోసం చేసేటప్పుడు ఉప్పు తగ్గించండి. తగ్గించానని సీసా మీద రాయండి. ఆ ఒక్క మాట చదివి వాళ్లు ఎంత సంతోషిస్తారో చూడండి.

ఇది పచ్చి చింతకాయల కాలం కూడా. చెట్టున్న ఊళ్లలో కాయ ఊరికే దొరుకుతుంది. కాయలు కడిగి, తుడిచి, ఆరబెట్టి, కిలో కాయకు పావుకిలో రాళ్ల ఉప్పు, తగినంత పసుపు వేసి కచ్చాపచ్చాగా తొక్కి జాడీలో పెడతారు. మూడో రోజున తీసి గింజలు, ఈనెలు ఏరేసి మళ్లీ తొక్కుతారు. ఆ తొక్కు ఏడాదంతా ఉంటుంది. పట్నంలో ఉండే చుట్టాలకు దీన్ని మించిన కానుక ఏముంది? కావలసినప్పుడు కొంచెం తీసి, పండుమిరపకాయో ఎండుమిరపకాయో కలిపి నూరుకుని, ఇంగువ తాలింపు పెట్టుకుంటారు. జాడీ అక్కర్లేదు, గాజు సీసా చాలు. ఇనుప మూత మాత్రం వద్దు, పులుపుకూ ఉప్పుకూ తుప్పు పడుతుంది.

భోగినాడు తలంటి ఉంది గనుక నలుగుపిండి కూడా సమయానికి తగిన కానుకే. పెసలు, శనగలు, ఎండిన గులాబీ రేకులు, నారింజ తొక్కలు, కచ్చూరాలు, కాస్త కస్తూరి పసుపు ఎండబెట్టి మరలో ఆడించుకోవచ్చు. పెసలు ముప్పాతిక వంతు ఉండాలి, మిగతావన్నీ కలిసి పాతిక. చాలామంది బావంచాలు కూడా కలుపుతారు. ఇక్కడ జాగ్రత్త అవసరం. బావంచాలు రాసుకుని ఎండలోకి వెళితే కొందరికి చర్మం మండుతుంది, బొబ్బలొస్తాయి, నల్లటి మచ్చలు పడతాయి. ఇంకొకరి ఒంటికి రాసుకునేది ఇస్తున్నాం కాబట్టి, వాటిని మానేయడమే మంచిది. నలుగుపిండిలో ఏమేం వేశారో చిన్న కాగితం మీద రాసి సంచిలో పెట్టండి.

ఇక పిల్లలు. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో ఏటా కనీసం ఒక కొత్త బొమ్మ చేర్చాలంటారు. ఏటికొప్పాక లక్క బొమ్మలు, కొండపల్లి బొమ్మలు కొనగలిగితే తప్పకుండా కొనండి. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రతో బొమ్మలు తిప్పేవాళ్లు, కొండపల్లిలో తెల్ల పొణికి కర్ర చెక్కేవాళ్లు ఆ అమ్మకాల మీదే బతుకుతున్నారు. చేత్తో చేసి ఇద్దామనుకునేవాళ్లకు మాత్రం ఒక పాత విద్య గుర్తు చేస్తాను. మన అమ్మమ్మలు పాత కాగితాలతో బుట్టలు, చాటలు చేసేవాళ్లు. ఇప్పుడు అవి పెద్దగా కనపడటం లేదు. నాకు ఈ పని అంటే చాలా ఇష్టం.

పాత వార్తాపత్రికలు చిన్న ముక్కలుగా చింపి, నీళ్లలో నాలుగైదు రోజులు నానబెట్టాలి. రోజూ నీళ్లు మార్చాలి, లేకపోతే వాసన వేస్తుంది. బాగా నానాక నీళ్లు పిండేసి, రోట్లో దంచినా సరే, మిక్సీలో వేసినా సరే, మెత్తటి గుజ్జు చేయాలి. మెంతులు రాత్రంతా నానబెట్టి రుబ్బి ఆ గుజ్జులో కలపాలి. మెంతుల జిగురు వల్ల గుజ్జు పట్టు వదలదు, ఆ చేదుకు పురుగూ రాదు. ఒక గిన్నెను బోర్లించి, దాని మీద తడి గుడ్డ కప్పి, ఈ గుజ్జును అరంగుళం మందాన అంతా సమంగా పట్టించండి. నీడలో ఒక రోజు ఉంచి, తరవాత ఎండలో పెట్టండి. మొదటే ఎండలో పెడితే బీటలు వారుతుంది. ఈ చలికాలపు ఎండకు పూర్తిగా ఆరడానికి నాలుగైదు రోజులు పడుతుంది. తట్టి చూస్తే చెక్క మోతలా వినపడాలి. అప్పుడు గిన్నె మీద నుంచి ఊడదీసి, తెల్ల కాగితం అతికి, సున్నం పూసి రంగులు వేసుకోవచ్చు. అంచు మీద చుక్కల ముగ్గు వేస్తే ఎంత బాగుంటుందో! ఇందులో తడి వస్తువులు పెట్టకూడదు. గాజులు, రిబ్బన్లు, భోగిపళ్లు, దారపు ఉండలు పెట్టుకోవచ్చు.

ఇదే గుజ్జుతో ఏనుగు, చిలక, ఎద్దు, హరిదాసు అక్షయపాత్ర, ఏ పిల్లకు ఏది కావాలంటే అది చేయవచ్చు. లోపల నలిపిన కాగితం ఉండ పెట్టి, పైన గుజ్జు పట్టిస్తే బొమ్మ తేలిగ్గా ఉంటుంది, త్వరగా ఆరుతుంది. ఈ పనికి పిల్లలనే కూర్చోబెట్టండి. వాళ్ల చేతికి వచ్చిన ఏనుగుకు తొండం వంకరగా ఉన్నా సరిచేయకండి. తాతయ్యకు ఆ తొండమే ముద్దొస్తుంది.

పల్లెలో ఉన్నవాళ్లకు ఇంకో మంచి అవకాశం ఉంది. ధనుర్మాసమంతా గొబ్బెమ్మలు పెడతారు, వాటిని పిడకలు చేసి భోగిమంటలో వేస్తారు. పట్నంలో అపార్ట్‌మెంట్లలో ఉండే పిల్లలకు ఆవు పేడ ఎక్కడ దొరుకుతుంది? భోగి పిడకల దండలు ఇప్పుడు ఫోన్లో ఆర్డరు పెట్టి కొనుక్కుంటున్నారు. మీ ఊళ్లో పిల్లల చేత చిన్న చిన్న పిడకలు, నడిమిన చిల్లు పెట్టించి, బాగా ఎండాక నులక తాడుకు గుచ్చి, ఒక అట్టపెట్టెలో పెట్టి బస్సు పార్సిల్లో పంపండి. పిల్లలు పిల్లలకు పంపే కానుక ఇది.

అలాగే విత్తనాలు. సంక్రాంతి దాటాక వేసవి పాదులు పెట్టుకుంటారు. మీ పెరటి బీర, సొర, కాకర, దోస ముదిరి ఎండిన కాయల నుంచి గింజలు తీసి, బూడిదలో కలిపి ఆరబెట్టి, కాగితం పొట్లాల్లో కట్టి ఇవ్వండి. మేడ మీద నాలుగు కుండీలున్నవాళ్లకు చాలు. పొట్లం మీద విత్తనం పేరు, ఏ పెరటిదో, ఎంత ఎడంగా నాటాలో రాయండి. అమెరికాలో ఉన్న పిల్లలకు మాత్రం విత్తనాలు పంపొద్దు. అనుమతి పత్రాలు లేకుండా విత్తనం అక్కడికి తీసుకెళ్లకూడదు, విమానాశ్రయంలో తీసేసుకుంటారు.

అంత దూరాన ఉన్నవాళ్లకు ఏం పంపాలి? పార్సిల్ ఖర్చే కానుక ఖర్చును మించిపోతుంది. నన్నడిగితే, ఇంట్లో పెద్దవాళ్ల గొంతు పంపండి. అమ్మమ్మ మంగళహారతి పాడుతుంది, గొబ్బి పాటలు పాడుతుంది, పొడుపుకథలు వేస్తుంది, ఏ పండక్కి ఏ వంట ఎందుకు చేస్తారో చెబుతుంది. చేతిలో ఉన్న ఫోనులోనే రికార్డు చేయవచ్చు. ఫ్యాను ఆపేయండి, టీవీ ఆపేయండి, ఫోను ఆమె నోటికి జానెడు దూరంలో మెత్తటి గుడ్డ మీద పెట్టండి. పాట పాడమని ఒక్కసారిగా అడిగితే పెద్దవాళ్లు బిగుసుకుపోతారు. ముందు మాటల్లో పెట్టండి, ఆ మాటల్లోనే పాట వస్తుంది. ఒకే రోజున అన్నీ పాడించి అలసట తేవద్దు. పాట మొదట్లో మీ గొంతుతో తేదీ, ఊరి పేరు, పాడుతున్నవాళ్ల పేరు చెప్పండి. పాతికేళ్ల తరవాత వినే మనవలకు అవి కావాలి. రేడియోలో మాట్లాడుతున్నాను కదా, గొంతుకున్న బలం ఎంతో నాకు బాగా తెలుసు. డబ్బు ఒక్క రూపాయి అవసరం లేని ఈ కానుకకు ఒకటే గడువు ఉంది. పెద్దవాళ్లు ఉండగానే అది తయారు కావాలి.

ఇంకొక మాట, కొంచెం గట్టిగా చెప్పాల్సిన మాట ఉంది. చేత్తో చేసిన కానుక చవక అంటున్నాం. ఆ చేయి ఎవరిది? మన ఇళ్లలో చాలావరకు అది ఆడవాళ్ల చేయి. పండగ నెలలో ఇల్లు దులపడం, పిండివంటలు, వచ్చిపోయే చుట్టాలు, వీటన్నిటి మీద ఇప్పుడు బొంతలూ బొమ్మలూ కూడా ఆమె మీదే పడితే అది కానుక కాదు, బరువు. మన నర్సాపురం లేసు కథ ఇందుకు సాక్ష్యం. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఆ అల్లిక నర్సాపురం, పాలకొల్లు చుట్టుపక్కల వేలాది ఇళ్లలోకి వెళ్లింది, దేశదేశాలకు ఎగుమతి అయ్యింది. జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఆ ఇళ్లలో తిరిగి పరిశోధన చేసి 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. ఆమె ఎత్తిచూపిన విషయం ఇది: అల్లేవాళ్లను గృహిణులుగా, అల్లికను వాళ్లు తీరిక వేళల్లో చేసే కాలక్షేపంగా అనుకోవడం వల్ల వాళ్లకు పని తగ్గ కూలి దక్కలేదు. గంటల తరబడి వంగి కూర్చుని కళ్లు పాడుచేసుకుని చేసిన పని, తీరిక పని కింద జమ అయిపోయింది.

కాబట్టి ఇంట్లో కానుకలు చేసుకునేటప్పుడు గంటలు లెక్కపెట్టండి. పంచుకోండి. కాగితం నానబెట్టి నీళ్లు మార్చడం పదేళ్ల పిల్లాడు చేయగలడు. పొడులకు దంచడం, జల్లించడం, సీసాలు కడగడం మగవాళ్లు చేయవచ్చు, సూది పట్టుకోవడం కూడా వాళ్లకు రాని విద్య కాదు, ఊళ్లో బట్టలు కుట్టే టైలర్లలో ఎంతోమంది మగవాళ్లే కదా. పొద్దుపోయాక తక్కువ వెలుతురులో కుట్టొద్దు. అన్నీ చేయాలని పెట్టుకోవద్దు. పదిమందికి ఇవ్వాలంటే పది రకాలు చేయకండి, రెండు రకాలు చేయండి. ఒకే రకం ఎక్కువ చేస్తే చేయి తిరుగుతుంది, సరుకు వృథా పోదు. ఎవరైనా చేత్తో చేసిన వస్తువు అమ్ముతుంటే, మీరు ఇంట్లో కుట్టిన గంటలు గుర్తు తెచ్చుకుని బేరం ఆడకుండా కొనండి.

ఇక రోజుల లెక్క. ఈ ఆదివారం పేర్ల కాగితం రాసి, చీరలు తీసి ఉతకండి. వచ్చే వారం కాగితం నానబెట్టండి, బొంత టాకాలు వేయండి. క్రిస్మస్‌కు ఇవ్వాల్సినవి సంచులు, మసిగుడ్డలు, పొడులు మాత్రమే పెట్టుకోండి, అవే వేళకు పూర్తవుతాయి. చింతకాయ తొక్కు డిసెంబరు ఆఖరు వారంలో పెడితే సంక్రాంతికి అందుతుంది. నలుగుపిండి భోగికి వారం ముందు ఆడిస్తే వాసన తాజాగా ఉంటుంది. పొడులు ఇచ్చే ముందు రెండు మూడు రోజుల్లోనే చేయండి.

రంగు కాగితాలు, మెరుపు రిబ్బన్లు కొనక్కర్లేదు. చీర ముక్కతో కుట్టిన సంచి ఉంది కదా, దానిలోనే పెట్టండి. ఒక చీటీ మీద ఏమిటిది, ఎప్పుడు చేశారు, ఎలా ఉతకాలి లేక ఎన్నాళ్లలో తినాలి, ఎవరెవరు చేశారు అని మీ సొంత దస్తూరీతో రాసి సంచి లోపల వేయండి. చేసినవాళ్లలో పిల్లలుంటే వాళ్ల పేర్లు కూడా రాయించండి. మీ దగ్గర నేర్చుకుంటామని ఎవరైనా అడిగితే, బొంతకు ఒక మధ్యాహ్నం, కాగితం గుజ్జుకు ఒక ఉదయం కేటాయించి, వాళ్లను పిలిచి నేర్పించండి.